మన పేరు ఎవరి కంప్యూటర్‌లో ఉంది? ఐరిస్ రేషన్ కార్డు నుంచి హాక్ ఐ దాకా

ఈ ఎపిసోడ్ కొంచెం పెద్దది, టీ పెట్టుకుని కూర్చోండి.

నేను బీటెక్ చదువుతున్న రోజుల్లో మా పోతిరెడ్డిపల్లిలో మా ఇంటికి రెండిళ్ల అవతల ఒక పెద్దమ్మ ఉండేది. వాళ్లాయన పటాన్‌చెరులో ఒక ఫ్యాక్టరీలో కాంట్రాక్టు లేబర్. ఒక నెల రేషన్ షాపుకు పోతే డీలర్ "మీ కార్డు చూపిస్తలేదమ్మా" అన్నాడు. తహసీల్దార్ ఆఫీసుకు పోతే "పైనుంచి పోయింది" అన్నారు. మీ సేవకు పోతే అక్కడి పిల్లగాడు స్క్రీన్ ఇటు తిప్పి చూపించి "కంప్యూటర్‌లనే తీసేసిన్రు, నేనేం చెయ్యాలె" అన్నాడు. ఇంజనీరింగ్ చదువుతున్నానని నా దగ్గరికి వచ్చింది. "బిడ్డా, కంప్యూటర్ అంటే నీకు తెలుస్తది కదా. ఆ కంప్యూటర్ ఎవరిది?"

అప్పుడు నాకు జవాబు తెలియదు. తర్వాత కొన్నేళ్లు సాఫ్ట్‌వేర్‌లో పనిచేశాను, బయటకొచ్చి ఈ వీడియోలు చేసుకుంటున్నాను. ఆ ప్రశ్న మాత్రం పోలేదు. ప్రభుత్వం మన డేటాను చూస్తుంది, కలుపుతుంది, జల్లెడ పడుతుంది, సరే. కానీ ఆ పని కూర్చుని చేసేది ఎవరు? వాళ్ల జీతం ఎవరిస్తారు? తప్పు జరిగితే ఎవరిని అడగాలి?

ఈ టాపిక్ అనగానే అందరికీ ఎడ్వర్డ్ స్నోడెన్ గుర్తొస్తాడు. 2013 జూన్‌లో అమెరికా ఎన్‌ఎస్‌ఏ గుట్టు బయటపెట్టాడు. చాలామంది గమనించని విషయం ఏంటంటే, అప్పటికి అతను ప్రభుత్వ ఉద్యోగి కాదు. బూజ్ అలెన్ హామిల్టన్ అనే ప్రైవేటు కంపెనీ మనిషి. ఆ కంపెనీలో చేరి మూడు నెలలు కూడా కాలేదు. అంటే దేశ రహస్యాల తాళం చెవి ఒక కాంట్రాక్టు ఉద్యోగి జేబులో ఉందన్నమాట. ప్రపంచమంతా "ఎంత నిఘా!" అని ఆశ్చర్యపోయింది గానీ, "కాంట్రాక్టర్‌కు ఇదంతా ఎలా అందింది?" అని అడిగినవాళ్లు తక్కువ. ఇక మన దగ్గరికి వద్దాం. మన కథ 2013 కంటే చాలా ముందే మొదలైంది, అదీ రేషన్ కార్డుతోనే.

ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 2005 నుంచి రేషన్ కార్డుల కోసం కంటిపాప స్కాన్ చేయడం మొదలైంది. మీ ఇంట్లో పెద్దవాళ్లను అడగండి, గుర్తుంటుంది. స్కూల్లోనో పంచాయతీ ఆఫీసులోనో లైన్లో నిలబెట్టి, బైనాక్యులర్ లాంటి డబ్బాలోకి చూడమనేవారు. బోగస్ కార్డులు ఏరేయడానికి అన్నారు. ఐరిస్‌ను ఇంత పెద్ద ఎత్తున వాడినవాళ్లు అప్పటికి ప్రపంచంలోనే చాలా తక్కువ. ఆ పనిలో ఉన్నది హైదరాబాద్‌కు చెందిన 4జీ ఐడెంటిటీ సొల్యూషన్స్, టెక్నాలజీ వైపు అమెరికా కంపెనీ ఎల్-1 ఐడెంటిటీ సొల్యూషన్స్. ఈ ఎల్-1 బోర్డులో ఎవరున్నారో తెలుసా? జార్జ్ టెనెట్. సీఐఏ మాజీ డైరెక్టర్. ఇందులో కుట్ర ఉందని నేను చెప్పట్లేదు, దయచేసి అలా కట్ చేసి షార్ట్స్ పెట్టకండి. వ్యాపారం అలా నడుస్తుందని చెప్తున్నాను. గూఢచారి సంస్థల నుంచి రిటైరైన పెద్దలు గుర్తింపు కంపెనీల్లో కూర్చుంటారు, ఆ కంపెనీ మిషన్ మన ఊరి స్కూల్ వరండాలోకి వస్తుంది.

తర్వాత ఆధార్. 2010లో వేలిముద్రలు, కంటిపాపలు పోల్చి చూసే పనిని యూఐడీఏఐ మూడు బృందాలకు ఇచ్చింది. ఒకటి యాక్సెంచర్, రెండోది ఇదే ఎల్-1, మూడోది మహీంద్రా సత్యం, ఫ్రాన్స్ కంపెనీ మోర్ఫో కలిసి. సత్యం అంటే మన హైదరాబాద్ సత్యమే. 2009 జనవరి 7న రామలింగరాజు లెక్కల్లో మోసం ఒప్పుకుంటూ ఉత్తరం రాసిన సంవత్సరంన్నరకే, చేతులు మారిన ఆ కంపెనీకి ఈ కాంట్రాక్టు. 2011లో మోర్ఫో యజమాని సఫ్రాన్ ఎల్-1ను కొనేసింది. పోటీగా ఉంటాయని పెట్టుకున్న మూడింట్లో రెండింటి వెనక అలా ఒకే ఫ్రెంచ్ కంపెనీ చేరింది. దీని మీద మన దగ్గర చర్చ జరిగినట్టు నాకు గుర్తులేదు. మనం అప్పుడు ఆధార్ లైన్లో ఉన్నాం.

2014 ఆగస్టు 19. తెలంగాణ వచ్చి మూడు నెలలు కూడా కాలేదు. సమగ్ర కుటుంబ సర్వే. ఆ రోజు నాకు బాగా గుర్తుంది. మన చౌరస్తాలో ముంబై హైవే మీద ఎప్పుడూ లారీలు, కంపెనీ బస్సులు ఆగకుండా పోతుంటాయి కదా, ఆ రోజు రోడ్డు బోసిగా ఉంది. ఫ్యాక్టరీలకు సెలవు, షాపులు బంద్. మా చిన్నాయన ముందు రోజు రాత్రే బొంబాయి నుంచి వచ్చేశాడు, "ఇంట్ల లేకపోతే పేరు పోతదంట" అని. దాదాపు నాలుగు లక్షల మంది ఉద్యోగులు ఒకే రోజు కోటి ఇళ్ల చుట్టూ తిరిగారు. ఇది స్వచ్ఛందమే, బలవంతం లేదని ప్రభుత్వం హైకోర్టులో చెప్పింది. మా వాడకట్టులో మాత్రం ఆ మాట ఎవరికీ చేరలేదు. బ్యాంకు ఖాతా, గ్యాస్ కనెక్షన్, బండి, భూమి, జబ్బులు, అన్నీ మా నాన్న వరుసగా చెప్పాడు. ఛాయ్ కూడా పోశాం.

ఒక్క ఫారం వల్ల పెద్ద ప్రమాదం లేదు. పది ఫారాలను కలిపితేనే అసలు పని మొదలవుతుంది. ఆ కలిపే వ్యవస్థ పేరు సమగ్ర వేదిక. తెలంగాణ ఐటీ శాఖది. రేషన్, ఆస్తి పన్ను, వాహనాల రిజిస్ట్రేషన్, కరెంటు మీటరు, ఇలా రెండు డజన్లకు పైగా శాఖల డేటాను ఒక మనిషి పేరు కిందకు తెస్తుంది. పోలీసుల దగ్గర ఇదే తరహాలో ఇంటిగ్రేటెడ్ పీపుల్ ఇన్ఫర్మేషన్ హబ్ అని ఒకటి ఉంది. మనిషి పేరు కొడితే కుటుంబం, స్నేహితులు, ఫోన్ నంబర్లు, పాస్‌పోర్టు, బ్యాంకు ఖాతా, గ్యాస్, నీళ్ల బిల్లు, అన్నీ ఒకే తెర మీద. 360 డిగ్రీల ప్రొఫైల్ అని గొప్పగా చెప్పుకున్నారు. ఇదంతా కలపడానికి కావాల్సిన ఇంజిన్ హైదరాబాద్‌లోని ప్రైవేటు కంపెనీ పోసిడెక్స్ టెక్నాలజీస్‌ది. బ్యాంకులకు "ఈ కస్టమర్, ఆ కస్టమర్ ఒకరేనా" అని తేల్చిపెట్టడం వాళ్ల అసలు వ్యాపారం.

ఈ పనిని మా భాషలో ఎంటిటీ రిజల్యూషన్ అంటారు. కాస్త ఓపిక పట్టండి, పెద్దమ్మ కార్డు లాంటివి పోయేది ఇక్కడే.

ఆధార్ నంబరు అన్ని డేటాబేస్‌లలో ఉండదు. ఉన్నా వాడటం మీద ఆంక్షలు ఉన్నాయి. కాబట్టి సాఫ్ట్‌వేర్ పేరు, తండ్రి పేరు, అడ్రస్, వయసు చూసి "ఈ రెండు వరుసలు ఒకే మనిషివి" అని స్కోర్ వేస్తుంది. ఇప్పుడు మన పేర్లు తీసుకోండి. రేషన్ కార్డులో "లక్ష్మి" ఇంగ్లిష్ స్పెల్లింగ్ కె-ఎస్-హెచ్‌తో ఉంటుంది, ఆర్టీఏలో ఎక్స్‌తో ఉంటుంది. ఒక చోట ఇంటిపేరు ముందు, ఇంకో చోట వెనక, మూడో చోట ఒక్క అక్షరం. మహమ్మద్‌ను ఎండీ అని రాస్తారు, ఎంఓహెచ్‌డీ అని రాస్తారు. సదాశివపేట నుంచి జహీరాబాద్ దాకా ఎన్ని వందల మంది "బి. మల్లేశం, తండ్రి: సాయిలు" ఉంటారో మీరే చెప్పండి. అడ్రస్ "హనుమాన్ గుడి దగ్గర" అని ఉంటుంది, హనుమాన్ గుడి లేని ఊరేది?

స్కోర్ ఎంత వస్తే "ఒకరే" అనుకోవాలో ఎవరో ఒకరు గీత గీయాలి. గీత పైకి జరిపితే నిజంగా కారున్నవాడు తప్పించుకుంటాడు. కిందకు జరిపితే కారు లేనోడికి కారు అంటుకుంటుంది. బ్యాంకులో అయితే ఈ తప్పు చిన్నది, ఒక ఫోన్ చేసి సరిచేసుకుంటారు. రేషన్‌లో అలా కాదు. మనిషికి నెలకు ఆరు కిలోల లెక్కన నలుగురున్న ఇంటికి 24 కిలోల బియ్యం. అది ఆగిపోతుంది. పైగా కోటి వరుసల మీద నూటికి ఒక్క తప్పు అంటే లక్ష తప్పులు. నా మాట నమ్మండి, నూటికి ఒక్క తప్పు మాత్రమే చేసే మ్యాచింగ్ కోడ్‌ను ప్రాజెక్టులో చూస్తే మేం పార్టీ చేసుకుంటాం.

హైదరాబాద్‌లో ఒక రిక్షా కార్మికుడి కుటుంబానికి జరిగింది ఇదే. ఆయన పేరుకు దగ్గరగా ఉన్న పేరుతో ఇంకొకాయన ఉన్నాడు, ఆయనకు కారుంది. ఆ కారు ఈయన ఖాతాలో పడింది. కార్డు పోయింది. ఆయన చనిపోయాక కూడా ఆయన భార్య ఆ లేని కారు కోసం ఆఫీసుల చుట్టూ తిరిగింది, హైకోర్టు దాకా వెళ్లింది. 2024 జనవరిలో రిపోర్టర్స్ కలెక్టివ్ జర్నలిస్టులు అల్ జజీరాలో ఈ కథ రాశారు. వాళ్లు బయటపెట్టిన లెక్క: 2014 నుంచి 2019 మధ్య తెలంగాణలో 18.6 లక్షలకు పైగా రేషన్ కార్డులు రద్దయ్యాయి, కొత్తగా పెట్టుకున్న 1,42,086 దరఖాస్తులు తిరస్కరించారు, నోటీసు లేకుండా. అవన్నీ తప్పు రద్దులు కావు, నిజంగా బోగస్ కార్డులూ ఉన్నాయి. ఆ మాట కూడా చెప్పాలి. కానీ నోటీసు లేకుండా అన్నదే అసలు పాయింట్. ఇంటికొచ్చి చూడకుండా, తెర మీద చూసి తీసేశారు.

హైదరాబాద్ సామాజిక కార్యకర్త ఎస్.క్యూ. మసూద్ దీని మీద సుప్రీంకోర్టు దాకా వెళ్లారు. 2022 ఏప్రిల్‌లో కోర్టు, 2016 తర్వాత రద్దయిన దాదాపు 19 లక్షల కార్డులన్నిటినీ ఇంటింటికీ వెళ్లి మళ్లీ చూడమంది. 4,91,899 దరఖాస్తులు వచ్చాయి. జులై నాటికి 2,05,734 చూస్తే 15,471 కుటుంబాలు అర్హులే అని తేలింది. నూటికి ఏడున్నర. ఇది మళ్లీ వచ్చి దరఖాస్తు పెట్టుకోగలిగిన వాళ్లలో మాత్రమే. ఊరొదిలి పోయినవాళ్లు, చచ్చిపోయినవాళ్లు, విసిగిపోయి కొనుక్కుని తింటున్నవాళ్లు ఈ లెక్కలోకి రారు. మా పెద్దమ్మ దరఖాస్తు పెట్టుకోలేదు. అలాంటి అవకాశం ఉందని ఆమెకు చెప్పాల్సిన నేను బెంగళూరులో ఉద్యోగంలో ఉన్నాను, వార్త కూడా చూడలేదు.

మరి ఆ సాఫ్ట్‌వేర్ ఎలా లెక్కేస్తుంది, ఆ గీత ఎక్కడ గీశారు అని జర్నలిస్టులు ఆర్టీఐలో అడిగితే, సోర్స్ కోడ్ ఇవ్వలేదు. దాని హక్కులు కంపెనీవి అన్నారు. ఒక్కసారి ఆలోచించండి. కార్డు తీసేసే అధికారం ప్రభుత్వానిది. ఎందుకు తీసేశారో చెప్పే కాగితం మాత్రం ప్రైవేటు ఆస్తి. ఆర్టీఐ కంపెనీ గేటు దగ్గర ఆగిపోతుంది. కంపెనీని అడిగితే, మేం స్కోర్ ఇస్తాం, నిర్ణయం శాఖది అంటుంది. టెక్నికల్‌గా అది అబద్ధం కూడా కాదు, అదే తంటా. శాఖను అడిగితే "సిస్టమ్‌లో అలా వచ్చింది" అంటారు. ఈ రెండు మాటల మధ్య ఉన్న సందులో పడిపోతే మనిషి ఇక కనపడడు.

ఇప్పుడు నా సంగతి ఒకటి చెప్పుకోవాలి. నేను చేసిన మొదటి ఉద్యోగం ఒక చిన్న కంపెనీలో. పేరు వద్దు. ఒక రాష్ట్ర శాఖ ప్రాజెక్టు పెద్ద కంపెనీకి వచ్చింది, అందులో ఒక ముక్క మాకు వచ్చింది. చేరిన రెండో వారం టీమ్ లీడ్ "టెస్టింగ్‌కు డేటా కావాలి కదా, ఇది తీసుకో" అని ఒక ఫైల్ పంపాడు. డమ్మీ డేటా అనుకుని తెరిచాను. నిజమైన పేర్లు, ఫోన్ నంబర్లు, అడ్రస్‌లు. లక్షల వరుసలు. నేను చేసిన మొదటి పని ఏంటో తెలుసా? మా నాన్న పేరు వెతికాను. దొరకలేదు. అప్పుడు తప్పనిపించలేదు, సరదాగా అనిపించింది. మా బ్యాచ్‌లో ఇంకొకడు పెళ్లి సంబంధం చూస్తున్న అమ్మాయి వాళ్ల ఇంటిపేరు వెతికాడు. ఎవరూ దొంగలు కాదు, 22 ఏళ్ల పిల్లలం. ఆ ఫైల్ నేను మానేసే రోజు దాకా నా లాప్‌టాప్‌లోనే ఉంది. డిలీట్ చేశావా అని ఎవరూ అడగలేదు. స్నోడెన్ ఎన్‌ఎస్‌ఏలో చూసింది పెద్ద విషయం. మేం చూసింది చిన్న విషయం. గది మాత్రం ఒకలాంటిదే.

అందుకే 2019లో ఐటీ గ్రిడ్స్ కేసు వచ్చినప్పుడు మా ఆఫీసులో ఎవరూ ఆశ్చర్యపోలేదు. మాదాపూర్‌లోని ఆ కంపెనీ తెలుగుదేశం పార్టీకి సేవామిత్ర యాప్ చేసింది. ఎన్నికలకు ముందు, మార్చిలో, సైబరాబాద్ పోలీసులు సోదాలు చేశారు. ఏప్రిల్‌లో యూఐడీఏఐ ఫిర్యాదు మీద పెట్టిన కేసులో ఉన్న అంకె: ఆంధ్ర, తెలంగాణకు చెందిన 7,82,21,397 మంది వివరాలు. పార్టీ ఆరోపణలను ఖండించింది, మా సర్వర్ల నుంచి ఏదీ పోలేదని యూఐడీఏఐ చెప్పింది. రెండు రాష్ట్రాల ప్రభుత్వాలు ఒకరినొకరు తిట్టుకున్నాయి. ఎవరు దొంగ అనే గొడవలో, ప్రభుత్వం దగ్గర ఉండాల్సిన లాంటి డేటా ఒక ప్రైవేటు ఆఫీసులోకి ఏ దారిన రాగలదు అనే మాట పక్కకు పోయింది. (ఫోన్ ట్యాపింగ్ కేసు గురించి చెప్పమని చాలామంది అడుగుతున్నారు. అది వేరే ఎపిసోడ్, ఇందులో కలపను.)

ఇక పోలీసు యాప్‌లు. హాక్ ఐ మీలో చాలామంది ఫోన్లలో ఉండే ఉంటుంది. ఆపదలో నొక్కమని, ముఖ్యంగా ఆడవాళ్లకు చెప్పి పెట్టించారు. 2024 మే చివర్లో ఆ డేటా నెట్‌లో అమ్మకానికి వచ్చింది. ధర 150 డాలర్లు. దాదాపు రెండు లక్షల మంది వివరాలు. అందులో 1.3 లక్షల ఎస్ఓఎస్ రికార్డులు, 70 వేల ఫిర్యాదులు, 20 వేల ప్రయాణ వివరాలు. అంటే భయపడి బటన్ నొక్కిన అమ్మాయి ఏ రోజు, ఎక్కడి నుంచి నొక్కిందో అంగట్లో పెట్టారు. కొద్ది రోజులకే పోలీసులు లోపల వాడుకునే టీఎస్‌కాప్ వంతు. నేరస్తుల రికార్డులు, ముఖం గుర్తుపట్టే సౌకర్యం, అన్నీ పోలీసు ఫోన్‌లోకి తెచ్చిన యాప్ అది, 2018 నుంచి వాడుతున్నారు.

జూన్‌లో 20 ఏళ్ల కుర్రాడిని పట్టుకున్నారు, గ్రేటర్ నోయిడాలో చదువుకుంటున్నాడు. ప్రెస్ నోట్ ఘనంగా వచ్చింది. కానీ తలుపు ఎలా తెరుచుకుంది? డేటా పరిశోధకుడు శ్రీనివాస్ కొడాలి చెప్పింది వింటే ఇంజనీర్‌గా నాకు నవ్వాలో ఏడవాలో తెలియలేదు. పాస్‌వర్డ్‌లు యాప్ లోపలే మామూలు అక్షరాల్లో రాసి ఉన్నాయట. ఇంటికి తాళం వేసి, చెవిని ఆ తాళానికే వేలాడదీసినట్టు. టీఎస్‌కాప్ చేసింది విన్‌సీ ఐటీ సర్వీసెస్ అని అప్పట్లో పత్రికలు రాశాయి. కుర్రాడు జైలుకు వెళ్లాడు. ఆ యాప్‌ను ఎవరు పరీక్షించి తీసుకున్నారు, బిల్లు ఎవరు పాస్ చేశారు అనే దాని మీద అలాంటి ప్రెస్ నోట్ నేను చూడలేదు.

కాంట్రాక్టు కింద సబ్ కాంట్రాక్టు, దాని కింద ఇంకొకటి. ఆ గొలుసు చివర ఏముంటుందో 2024 జనవరిలో అందరం చూశాం. ప్రజాపాలనలో పది రోజుల్లో 1.25 కోట్ల దరఖాస్తులు వచ్చాయి. వాటిని కంప్యూటర్‌లోకి ఎక్కించే పని బయటివాళ్లకు ఇచ్చారు. ఒక కట్ట బాలానగర్ ఫ్లైఓవర్ మీద రోడ్డంతా పరుచుకుని దొరికింది. ర్యాపిడో బండి మీద తీసుకుపోతుంటే పడిపోయాయట. ఆధార్ నంబర్లు, ఫోన్ నంబర్లు ఉన్న కాగితాలు. జనం ఏరి ఇచ్చారు. ర్యాపిడో అన్నను నేను ఏమీ అనను, అతనికి అది ఒక పార్సిల్.

ఇంత చెప్పాక మా ఏరియా సంగతి ఒకటి చెప్పకుండా ఉండలేను. 2025 జూన్ 30న మనకు దగ్గర్లోనే, పాశమైలారంలో సిగాచీ ఫ్యాక్టరీ పేలింది. 50 మందికి పైగా చనిపోయారు. ఆ రోజు లోపల ఎంతమంది ఉన్నారు, ఎవరెవరు అన్నది తేలడానికి రోజులు పట్టింది. చాలామంది కాంట్రాక్టు కార్మికులు, వేరే రాష్ట్రాలవాళ్లు. డీఎన్ఏ పరీక్షలతో గుర్తుపట్టారు, కొందరి ఆనవాళ్లు అసలు దొరకలేదు. ఆ కుటుంబాలు ఫొటోలు పట్టుకుని గేటు దగ్గర నిలబడ్డాయి. నా గ్యాస్ కనెక్షన్, మా నాన్న బండి నంబరు, మా పెద్దమ్మకు లేని కారు, అన్నీ కలిపి ఒక తెర మీద చూపించగల రాష్ట్రం ఇది. ఆ షిఫ్టులో లోపలికి పోయిన మనుషుల జాబితా అడిగితే వెంటనే చెప్పేవాడు లేడు.

చివరగా చట్టం. 2023లో డిజిటల్ పర్సనల్ డేటా ప్రొటెక్షన్ చట్టం వచ్చింది, 2025 నవంబర్‌లో రూల్స్ వచ్చాయి. కేంద్రం తను కోరుకున్న ప్రభుత్వ సంస్థలకు దీన్నుంచి మినహాయింపు ఇచ్చుకోవచ్చు. ఇదే చట్టంతో ఆర్టీఐని కూడా సవరించారు. వ్యక్తిగత సమాచారం అని చెప్పి జవాబు ఇవ్వకుండా ఉండటం అధికారికి ఇప్పుడు ఇంకా తేలిక. మసూద్ ముఖ గుర్తింపు కెమెరాల మీద తెలంగాణ హైకోర్టులో వేసిన ఇంకో పిటిషన్ కూడా ఉంది. 2021లో పాతబస్తీలో పోలీసులు ఆపి మాస్క్ తీయమని ఫొటో తీసుకున్నారు, దాని మీద వేసింది. ఎందుకు తీశారు, ఎక్కడ దాచారు అని ఆయన అడుగుతున్నారు.

మొన్న పండక్కి ఊరికొచ్చినప్పుడు పెద్దమ్మ కనపడింది. ఆ కంప్యూటర్ ఎవరిదో తెలిసింది పెద్దమ్మా అని, ఇప్పుడు మీకు చెప్పినదంతా మెల్లగా చెప్పాను. మొత్తం విని, "అయితే వాళ్ల ఆఫీసు ఏడుంది, పోదామా?" అంది.